ఎండోమెట్రియోసిస్‌కు పథ్యం: మన వంటింట్లో ఏది మార్చాలి, ఎలా మార్చాలి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, ఏ ఊళ్లో ఉన్నా అంతే. స్కానింగు కాగితం మీద ఎండోమెట్రియోసిస్ అన్న మాట కనబడిన రోజు నుంచి ఇంట్లో పథ్యాల జాబితా మొదలవుతుంది. అత్తగారు వంకాయ మానమంటారు, పక్కింటావిడ పెరుగు వద్దంటుంది, ఫోనులో ఎవరో గోధుమ విషమంటారు. అందరి మాటా వింటే చివరికి కంచంలో మిగిలేది చారన్నం. నెలనెలా రక్తం పోయే మనిషికి దాన్ని పథ్యమనరు, పస్తు అంటారు.

కాబట్టి ముందు తిండి ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకోండి. గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం బయట, అంటే అండాశయాల మీద, పేగుల చుట్టూ, పొత్తికడుపు లోపలి గోడల మీద పెరగడమే ఈ జబ్బు. సంతానం కలిగే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి, లోకమంతా కలిపి 19 కోట్ల మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఏ ఆకుకూరా, ఏ కషాయమూ ఆ కణజాలాన్ని కరిగించదు. 2022లో వచ్చిన యూరప్ వైద్యుల మార్గదర్శకాలు కూడా ఫలానా ఆహారం తింటే నొప్పి తగ్గుతుందని సిఫారసు చేయలేదు, అందుకు తగిన ఆధారాలు లేవు. అయితే ఈ జబ్బుతో పాటు వచ్చే పొట్ట ఉబ్బరం, మలబద్ధకం, విరేచన సమయంలో మెలిపెట్టే బాధ, రక్తహీనత, నీరసం తిండితో చాలావరకు దారికొస్తాయి. నెలలో సగం రోజులు వీటితోనే వేగేవాళ్లకు అది చిన్న లాభమేమీ కాదు. ఈ జబ్బుకు ఇచ్చే డైనోజెస్ట్ అనే హార్మోను మాత్రలు గానీ, గర్భనిరోధక మాత్రలు గానీ వాడుతుంటే తిండి మార్చామని వాటిని ఆపకండి.

ముందు రాయండి, తర్వాతే మార్చండి

మొదటి నెల తిండిలో ఏదీ మార్చకండి. ఈ మాట చాలామందికి రుచించదు. నొప్పితో ఉన్నవాళ్లకు ఈ పూటే ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. కానీ ఈ జబ్బు నెలసరి చక్రంతో ఎక్కి దిగుతుంది. నెలసరి అయిపోయిన వారంలో ఏం మానినా గుణం ఇచ్చినట్టే ఉంటుంది, వచ్చే ముందు వారంలో ఏం తిన్నా పడనట్టే ఉంటుంది. ఒక చక్రాన్ని ఇంకో చక్రంతో పోల్చితేనే నిజం తెలుస్తుంది.

పెద్ద పుస్తకం అక్కర్లేదు. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు చాలు. ప్రతి రాత్రి ఆ తేదీ గడిలో రెండు అంకెలు వేయండి: నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత, ఉబ్బరం సున్నా నుంచి పది వరకు ఎంత. నెలసరి రోజులకు చుక్క పెట్టండి. విరేచనం కాని రోజుకు అడ్డగీత. నొప్పి మాత్ర వేసుకుంటే 'మా' అని రాయండి. ఆ రోజు మామూలుకు భిన్నంగా ఏదైనా తింటే, అంటే పెళ్లి భోజనం, గుప్‌చుప్, పొరుగింటి నుంచి వచ్చిన పిఠా లాంటివి, ఒక్క మాటలో పక్కన రాయండి. ఇంతకు మించి రాయాలనుకుంటే రెండో వారానికి విసుగొచ్చి మానేస్తారు.

ఈ నెలలోనే ఒక రక్త పరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే అది రక్తహీనత. వీలైతే ఫెరిటిన్ కూడా చూడమని అడగండి, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో అది చెబుతుంది. నీరసానికి జబ్బే కారణమని సరిపెట్టుకుంటూ ఏళ్లు గడిపినవాళ్లలో చాలామందికి అసలు లోటు ఇనుమే.

కోయడం కంటే కలపడం ముందు

రెండో నెల నుంచి మార్పులు మొదలుపెట్టండి. మానాల్సిన వాటి జోలికి ఇప్పుడే పోవద్దు, ముందు చేర్చాల్సినవి చేర్చండి.

ఇనుముతో మొదలుపెట్టండి. మన దేశంలో నెలసరి వచ్చే వయసు ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని భారత వైద్య పరిశోధనా మండలి 2020 లెక్క చెబుతోంది. అన్నం, చారుతో అందులో నాలుగో వంతు కూడా అందదు. తోటకూర, మునగాకు, ఉలవలు, నువ్వులు రోజూ ఏదో ఒకటి కంచంలో ఉండాలి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు తోడుండాలి. వండిన తర్వాత, పొయ్యి మీద నుంచి దించాక నిమ్మరసం పిండండి. మరిగే కూరలో పిండితే విటమిన్ సి చాలావరకు పోతుంది. భోజనం అయిన వెంటనే టీ తాగే అలవాటుంటే గంట ఆగండి. ఈ ఒక్క పని వల్ల ఖర్చు లేకుండా ఇనుము దక్కుతుంది. మరీ తక్కువగా ఉంటే తిండితో సరిపెట్టుకోలేరు, మాత్రలు వేసుకోవాల్సిందే. ఐరన్ మాత్రలతో మలబద్ధకం పెరిగితే మానేయకుండా డాక్టరుకు చెప్పండి, వేరే రకం ఉంటుంది.

తర్వాత రాగులు. మన వైపు చోళ్లని, సంతలో ఒడియా వాళ్లు మాండియా అని అడిగేవి ఇవే. 2017లో ఒడిశా చిరుధాన్యాల పథకం మొదలైనప్పుడు తొలి ఏడు జిల్లాల్లో గజపతి, రాయగడ, కోరాపుట్ ఉన్నాయి, అందుకే ఈ ప్రాంతంలో మంచి రాగులు దొరకడం కష్టమేమీ కాదు. 100 గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది, పాలలో ఉండేదానికి దాదాపు మూడింతలు. ఈ జబ్బుకు ల్యూప్రోలైడ్ లాంటి హార్మోను ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లకు ఎముకలు పలచబడే ప్రమాదం ఉంది కాబట్టి ఈ సంగతి వాళ్లకు మరీ ముఖ్యం. పిండిని రాత్రి నీళ్లలో కలిపి పులియబెట్టి, పొద్దున అంబలి కాచుకోండి. పులిస్తే ఇనుమును పట్టుకుని కూర్చునే ఫైటేట్లు కొంత తగ్గుతాయి. బెల్లం బదులు ఉప్పు, మజ్జిగతో తాగితే ఉబ్బరం ఉన్నవాళ్లకు తేలిగ్గా ఉంటుంది.

పీచు, నీళ్లు కూడా పెంచాలి, కానీ మెల్లగా. ఒక్కసారిగా పీచు పెంచితే గ్యాసు పెరిగి, 'మంచి తిండి నాకు పడదు' అన్న నిర్ణయానికి వచ్చేస్తారు. అవిసె గింజలు దోరగా వేయించి పొడి చేసి, అర చెంచాతో మొదలుపెట్టి రెండు వారాల్లో ఒక పెద్ద చెంచాకు తీసుకురండి. దాంతో పాటు గ్లాసు నీళ్లు తప్పనిసరి.

చేప, నూనె, మాంసం

అమెరికాలో నర్సుల మీద ఏళ్ల తరబడి జరిగిన పెద్ద అధ్యయనం ఒకటుంది. చేపల్లో ఉండే ఒమేగా-3 కొవ్వులు అందరికంటే ఎక్కువగా తిన్నవాళ్లలో ఎండోమెట్రియోసిస్ బయటపడటం 22 శాతం తక్కువగా, నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వులు ఎక్కువ తిన్నవాళ్లలో 48 శాతం ఎక్కువగా ఉందని 2010లో తేల్చారు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఇది జబ్బు రావడం గురించిన లెక్క. వచ్చిన నొప్పి చేపలు తింటే తగ్గుతుందని అది చెప్పలేదు. అయినా నష్టం లేని మార్పు కాబట్టి చేయవచ్చు.

చెరువు చేపల కంటే సముద్రపు నూనె చేపల్లో ఒమేగా-3 ఎక్కువ. గోపాలపురం, బారువ తీరాల నుంచి వచ్చే కవళ్లు, కానాగంతలు చవక కూడా. వారానికి రెండుసార్లు పులుసు పెట్టండి. వేపుడు చేస్తే లాభం సగం నూనెలో పోయినట్టే. చేప నూనె మాత్రలకు డబ్బు పోయకండి. 12 నుంచి 25 ఏళ్ల లోపు అమ్మాయిల మీద 2020లో వెలువడిన పరీక్షలో ఆ మాత్రలు ఉత్తుత్తి మాత్రల కంటే మెరుగ్గా ఏమీ పని చేయలేదు. చేప ముట్టని ఇళ్లలో అవిసె, ఆవనూనె కొంతవరకు ఆ లోటు తీరుస్తాయి, అదే స్థాయిలో మాత్రం కాదు.

ట్రాన్స్ కొవ్వుకు మన దేశంలో 2022 జనవరి నుంచి 2 శాతం పరిమితి ఉంది. కాబట్టి ప్యాకెట్ నూనెల కంటే భయపడాల్సింది బండి మీద మరిగి మరిగి నల్లబడిన నూనెకు. సాయంత్రం బరా, పియాజీ పొట్లం వారానికొకసారికి తగ్గించండి. ఇంట్లో పండగకు గారెలు వేసిన నూనెను నెలంతా పోపుకు వాడటం కూడా అదే తప్పు.

మాంసం విషయంలో అనవసరంగా బెదరకండి. ఆ నర్సుల అధ్యయనంలోనే వేటమాంసం రోజుకు రెండుసార్లకు మించి తినేవాళ్లను వారానికి ఒకసారి లేదా అంతకంటే తక్కువ తినేవాళ్లతో పోల్చినప్పుడు జబ్బు ఎక్కువగా బయటపడింది. రోజుకు రెండుసార్లు మాంసం తినే ఇల్లు మన వైపు ఎక్కడుంది? ఆదివారం మాంసం మానేస్తే రక్తహీనత ఉన్న అమ్మాయికి ఉన్న ఒక్క మంచి ఇనుము దారి మూసేసినట్టు.

ఉబ్బరానికి నెల రోజుల ప్రయత్నం

అసలు పని ఇక్కడుంది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, రాజ్మా, పాలు, మామిడి, పుచ్చకాయ వంటి వాటిలో పేగు సరిగా పీల్చుకోలేని కొన్ని పిండిపదార్థాలు, చక్కెరలు ఉంటాయి. వీటన్నిటికీ కలిపి ఫోడ్‌మ్యాప్ అని పేరు. అవి దారిలో నీటిని లాగుతాయి, పెద్దపేగులో సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గ్యాసు చేస్తాయి. ఇతరులకు అది ఒక తేనుపుతో పోతుంది. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లలో చాలామందికి పేగు నరాలు సున్నితంగా ఉండటం వల్ల అదే గ్యాసు చీర కుచ్చిళ్లు వదులు చేసుకునేంత ఉబ్బరం, నొప్పి అవుతుంది. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం 2025లో ప్రకటించిన పరీక్షలో 35 మంది స్త్రీలకు 28 రోజులు ఫోడ్‌మ్యాప్ తక్కువ ఉన్న తిండి, మరో 28 రోజులు మామూలు మంచి తిండి పెట్టారు. మొదటి దానితో 60 శాతం మందికి, రెండో దానితో 26 శాతం మందికి పేగు బాధలు తగ్గాయి. చిన్న పరీక్షే, కానీ నాకు తెలిసినంతలో ఉబ్బరానికి ఇంతకంటే గట్టి ఆధారం ఉన్న తిండి మార్పు లేదు.

ఇది చేయకూడనివాళ్లు ఉన్నారు. గర్భిణులు, బరువు తగ్గిపోతున్నవాళ్లు, ఇప్పటికే భయంతో సగం తిండి మానేసినవాళ్లు, మధుమేహానికి మందు వాడేవాళ్లు డైటీషియన్ లేకుండా మొదలుపెట్టవద్దు. బరంపురం, కోరాపుట్ మెడికల్ కాలేజీ ఆసుపత్రులకు వెళ్లినప్పుడు డైటీషియన్‌ను కలవాలని అడగండి. మామిడి కాలంలో కూడా మొదలుపెట్టకండి. వైశాఖంలో మామిడిపండు ముందు ఏ నియమమూ నిలవదు.

మంచి కాలం కార్తీకం. ఒడియా ఇళ్లలో హబిష అనే కార్తీక వ్రతం పాటించేవాళ్లు, మన ఇళ్లలో కార్తీక నియమం ఉన్నవాళ్లు నెలంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. ఇంట్లో వంట వేరుగా చేయక్కర్లేదు, ఎందుకు మానావని ఎవరూ అడగరు. అప్పుడు పప్పు, కూరగాయలు కలిపి వండే దాల్మానే మీ ముఖ్య వంటకం చేసుకోండి.

దాల్మాకు శనగపప్పు, కందిపప్పు బదులు పెసరపప్పు తీసుకోండి, మనిషికి రెండు చెంచాలు చాలు. దోరగా వేయించి, గంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. కొంత ఫోడ్‌మ్యాప్ ఆ నీళ్లతోనే పోతుంది. వంకాయ, పచ్చి బొప్పాయి, క్యారెట్, బీన్స్ పెద్ద ముక్కలుగా కోసి పసుపు, ఉప్పు, అల్లం ముక్కతో కలిపి ఉడికించండి. పంచఫుటన (ఐదు రకాల పోపు గింజలు), ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టి, వేయించిన జీలకర్ర పొడి చల్లండి.

వెల్లుల్లి వాసన లేకపోతే ముద్ద దిగదనేవాళ్లకు ఒక ఉపాయం ఉంది. ఆ ఉబ్బరం కలిగించే పదార్థం నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు. నాలుగు చెంచాల నూనె సన్నని సెగ మీద పెట్టి, నాలుగు రెబ్బలు చితక్కొట్టి వేయండి. అంచులు బంగారు రంగుకు తిరగగానే ప్రతి రెబ్బనూ ఏరి బయట పెట్టండి. ఒక్క ముక్క కూడా మిగలకూడదు. అప్పుడే పోపు గింజలు, ఆ తర్వాతే కూర. వెల్లుల్లి ఉండగా నీళ్లు గానీ, టొమాటో గానీ పడితే ఉపాయం చెడినట్టే. ఈ నూనెను ఏ పూటకు ఆ పూట చేసుకోండి, సీసాలో పోసి దాచకండి. అలా దాచిన వెల్లుల్లి నూనెలో ప్రమాదకరమైన విషం తయారయ్యే అవకాశం ఉంది.

ఈ నెలలో అన్నం, పఖాళ (నీళ్లలో నానిన చద్దన్నం), జొన్నరొట్టె, గుడ్లు, చేప, బెండకాయ, దోసకాయ, కమలాపండు, బొప్పాయి హాయిగా తినవచ్చు. పాలు మానినా ఛెనా కొద్దిగా తినవచ్చు. పాలు విరిచినప్పుడు లాక్టోజ్ అనే పాల చక్కెర చాలావరకు నీళ్లతో పోతుంది. రసగుల్లా విషయం వేరు, అందులో బాధ ఛెనాతో కాదు, పాకంతో.

నాలుగు వారాలు గడిచాక క్యాలెండరు చూడండి. ఉబ్బరం అంకెలు పోయిన చక్రంతో పోల్చితే కదలకపోతే ఈ దారి మీది కాదు, మళ్లీ మామూలుగా తినండి. తగ్గితే అక్కడే ఆగిపోవద్దు. చాలామంది చేసే తప్పు ఇదే: హాయిగా ఉంది కదా అని జీవితాంతం అలాగే ఉండిపోవడం. దానివల్ల పేగులోని మంచి సూక్ష్మజీవులకు తిండి అందదు, మీకు పోషకాలు తగ్గుతాయి. ఒక్కొక్కటిగా తిరిగి చేర్చండి. ఉదాహరణకు ఉల్లి: మొదటి రోజు ఉడికిన ఉల్లి ఒక చెంచా, రెండో రోజు పావు ఉల్లిపాయ, మూడో రోజు సగం. బాధ తిరగబెడితే అక్కడికి ఆపండి, పడే మోతాదు ఏమిటో తెలిసింది కదా. మధ్యలో మూడు రోజులు విరామం ఇచ్చి వెల్లుల్లి, తర్వాత రెండు చపాతీలు, తర్వాత గ్లాసు పాలు, తర్వాత శనగలు. నెలసరి రోజుల్లో ఏదీ పరీక్షించవద్దు. చివరికి ఎక్కువమందికి పూర్తిగా పడనివి ఒకటో రెండో మిగులుతాయి, అంతే.

గోధుమ పూర్తిగా మానేయమనే మాట గురించి: 2012లో ఇటలీలో 207 మంది మీద జరిగిన అధ్యయనంలో ఏడాది గోధుమ మానినవాళ్లలో 75 శాతం మంది నొప్పి తగ్గిందన్నారు. పోల్చి చూడటానికి మానని గుంపు అందులో లేదు, కాబట్టి దాన్ని పట్టుకుని ఊగక్కర్లేదు. పై పద్ధతిలో చపాతీ మీకు పడుతుందో లేదో మీకే తెలుస్తుంది. పసుపు కూరలో వేసుకోండి, గుళికలు కొనకండి.

ఉపవాసం, ఆఖరి పంక్తి

మార్గశిర గురువారాలు, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండే ఇళ్లు మనవి. ఉండండి, కాదనను. కానీ మెఫెనమిక్ యాసిడ్ లాంటి నొప్పి మాత్రలు ఖాళీ కడుపున వేసుకుంటే కడుపు పూత లేస్తుంది. నెలసరి ఆ రోజుల్లో పడితే ఉపవాసం మానండి, లేదా పండ్లు, పెరుగు తిని ఆ తర్వాత మాత్ర వేసుకోండి.

ఇంకొకటి ఇంట్లో మగవాళ్లు కూడా చదవాలి. అందరూ తిన్నాక ఆఖరున కూర్చునే ఆడవాళ్ల కంచంలోకి చేప ముక్క, ఆకుకూర చేరవు. పైన చెప్పినదంతా వ్యర్థం కాకూడదంటే వండిన వెంటనే మీ వాటా గిన్నెలో తీసి పక్కన పెట్టుకోండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

ఉన్నట్టుండి భరించలేని నొప్పి, స్పృహ తప్పడం, జ్వరంతో కూడిన కడుపునొప్పి, నెలసరి తప్పి నొప్పి రావడం, గంటకో ప్యాడ్ తడిసిపోవడం, విరేచనంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది కనబడినా తిండి ప్రయోగాలు పక్కన పెట్టి అదే రోజు వెళ్లండి.

మామూలుగా వెళ్లేటప్పుడు క్యాలెండరు కాగితాలు చింపి తీసుకెళ్లండి. బరంపురంలో డాక్టరు ఒడియాలో అడుగుతారు, శ్రీకాకుళంలో, విశాఖలో తెలుగులో అడుగుతారు. బాధను ఏ భాషలో చెప్పాలో తడుముకునే చోట ఆ అంకెలు, చుక్కలు వాళ్లే చదువుకుంటారు. స్కానింగు కాగితాలు, ఇంతవరకు వాడిన మందుల చీటీలు అన్నీ ఒకే సంచిలో ఉంచండి. ఊరు మారిన ప్రతిసారీ మొదటి నుంచి పరీక్షలు చేయించుకునే బాధ తప్పుతుంది.

రెండు మూడు చక్రాల తర్వాత ఉబ్బరం తగ్గినా నొప్పి అంకె అలాగే ఏడెనిమిది దగ్గర ఉంటే, కంచంలోంచి ఇంకేదో తీసేయాలని చూడకండి. ఆ కాగితాలు చూపించి, మందు మార్చాలా, మోతాదు మార్చాలా, శస్త్రచికిత్స అవసరమా అని సూటిగా అడగండి.